రచయిత సంతకం, వారసుల చిరునామా



ఏటా ఎవరి పేరున ఈ సభ జరుగుతోందో ఆ ప్రచురణకర్తను మీలో చాలామంది దగ్గరగా చూసినవాళ్లే. నేను ఆయనకు వకీలుగా పనిచేశాను. అంతకు చాలాముందే ఆయన అచ్చువేసిన పుస్తకాలు చదివి పెరిగాను. ఆయన బల్ల సొరుగులో ఒక పొడవాటి ఖాతాపుస్తకం ఉండేది. ఒక్కో రచయితకు ఒక్కో పేజీ. ఎన్ని కాపీలు వేశారు, ఎన్ని అమ్ముడుపోయాయి, గోడౌనులో ఎన్ని మిగిలాయి, రాయల్టీ ఎంత, మనియార్డరు ఏ తేదీన పంపారు, అన్నీ నల్లసిరాతో రాసి ఉండేవి. రచయిత కాలం చేస్తే ఆ పేజీ మూసేసేవారు కాదు. పేరు కింద గీత గీసి, భార్య పేరో కొడుకు పేరో రాసి, పక్కన చిరునామా వేసేవారు. ఒక పేజీలో ఏలూరు కొట్టేసి హైదరాబాదు, హైదరాబాదు కొట్టేసి న్యూజెర్సీ అని ఉండడం నాకు గుర్తుంది. ఏం రాశారు, ఎంతకిచ్చారు, ఇప్పుడు ఎవరిది: కాపీరైట్ చట్టం మనల్ని అడిగే ప్రశ్నలన్నిటికీ ఆ ఒక్క పేజీలో జవాబు ఉండేది.

కాపీరైట్ అనగానే మన సభల్లో చర్చ దొంగల మీదికి మళ్లుతుంది. పుస్తకాన్ని పీడీఎఫ్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో పంచేవాళ్లు, విడుదలైన రోజే సినిమాను ఫోనులోకి ఎక్కించేవాళ్లు, కథ ఎత్తుకుపోయి పేర్లు మార్చేవాళ్లు. ఆ కోపం న్యాయమైనదే, నాకూ ఉంది. కానీ ఇన్నేళ్లుగా నా బల్ల మీదికి వచ్చిన కాగితాలు చూశాక చెబుతున్నాను, తెలుగు రచయితకు దొంగ వల్ల జరిగిన నష్టం కంటే తన సంతకం వల్ల జరిగిన నష్టమే ఎక్కువ. కొందరు చదవకుండా సంతకం పెట్టారు, కొందరి దగ్గర అసలు కాగితమే లేదు. ఆ తర్వాత రచయిత కన్నుమూస్తాడు. హక్కు మాత్రం మరో అరవై ఏళ్లు బతికే ఉంటుంది. పుస్తకం మళ్లీ వేద్దామంటే ఎవరి తలుపు తట్టాలో తెలియదు. ఇవాళ ఈ రెండు సంగతులే మాట్లాడతాను.

హక్కు ఎప్పుడు పుడుతుందన్న దాని మీద అపోహలు చాలా ఉన్నాయి గనుక ముందు ఆ ముక్క. మీరు కథ రాయగానే, పాట కాగితం మీద పెట్టగానే హక్కు మీదైపోయింది. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అచ్చు కావడం కూడా అక్కర్లేదు. రాతప్రతిని కవరులో పెట్టి తన పేరుకే రిజిస్టర్డ్ పోస్టు చేసుకుని, విప్పకుండా బీరువాలో దాచుకునే సినిమా రచయితలు ఉన్నారు. సంఘంలో స్క్రిప్టు నమోదు చేయించేవాళ్లూ ఉన్నారు. అవి తేదీకి సాక్ష్యంగా పనికొస్తాయి, అంతవరకే. పాత పుస్తకాల లోపలి పేజీలో ‘కాపీరైట్ రిజిస్టర్డ్’ అని కనిపించే మాట 1847 నాటి ఈస్టిండియా కంపెనీ కాపీరైట్ చట్టం వదిలిపోయిన అలవాటు. ఆ చట్టం కింద పేరు నమోదైతే గానీ దావాకు వీలుండేది కాదు. 1914 చట్టంతో ఆ అవసరం తీరిపోయింది. అలవాటు మాత్రం చాలాకాలం అచ్చవుతూనే వచ్చింది.

ఇంకో ముక్క. హక్కు ఆలోచనకు లేదు, ఆలోచన తొడుక్కున్న రూపానికి ఉంది. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. ఒక నాటక రచయిత తన నాటకాన్నే సినిమాగా తీశారని పోరాడి ఓడిపోయారు. విషయం ఒకటే అయినా నడక, పాత్రలు, సన్నివేశాలు వేరైతే దొంగతనం కాదన్నది తీర్పు. ‘నా పాయింటు కొట్టేశారు’ అంటూ వచ్చే మిత్రులకు నేను ముందుగా చదివి వినిపించేది ఈ తీర్పే.

ఇప్పుడు మన సాహిత్య చరిత్రలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక సెక్షన్ గురించి చెప్పాలి. 1914 చట్టం బ్రిటిష్ చట్టానికి నకలే, కానీ నాలుగో సెక్షన్‌లో ఇక్కడి కోసం ఒక మార్పు చేశారు. బ్రిటిష్ ఇండియాలో మొదట వెలువడిన పుస్తకానికి అనువాద హక్కు పదేళ్లే. ఆ పదేళ్లలో రచయిత గానీ, ఆయన అనుమతి పొందినవాళ్లు గానీ ఒక భాషలో అనువాదం తెస్తే ఆ భాష వరకు హక్కు నిలుస్తుంది. తేకపోతే ఆ భాషవాళ్లు ఎవరైనా అనువదించుకోవచ్చు. శరత్ ‘దేవదాసు’ బెంగాలీలో పుస్తకంగా వచ్చింది 1917లో. లెక్క చూసుకోండి, 1927 నుంచి ఆ నవలకు తెలుగు తలుపు తెరిచి ఉంది. మదనపల్లె శానిటోరియంలో క్షయకు చికిత్స పొందుతూ బెంగాలీ నేర్చుకున్న చక్రపాణిగారు శరత్‌ను తెలుగులోకి తెచ్చారు. మరికొందరూ తెచ్చారు. శరత్‌ను తెలుగువాడే అనుకుని చదివిన తరాలు మనకున్నాయి. దానికి మొదటి కారణం ఆ నవలల బలం, ఆ అనువాదకుల చేయి. కానీ చట్టం అడ్డుపడి ఉంటే, ప్రతి చిన్న ప్రచురణకర్తా కలకత్తాకు ఉత్తరాలు రాసి జవాబు కోసం కూర్చోవలసి ఉంటే, ఆ పుస్తకాలు అంత ధారాళంగా అంత చవకగా వచ్చి ఉండేవని నేననుకోను. అదే సమయంలో తన నవలలు అన్ని భాషల్లో అమ్ముడవుతుంటే మూల రచయితకు ఆ భాషల నుంచి చిల్లిగవ్వ రాకపోవడానికి కూడా ఆ సెక్షనే కారణం. నాకు ఆ సెక్షన్ మీద ప్రేమా ఉంది, బాధా ఉంది. 1957 చట్టం దాన్ని తీసేసింది. పుస్తకం వెలువడి ఏడేళ్లయినా ఒక భాషలో అనువాదం రాకపోతే, వచ్చిన అనువాదం దొరక్కుండా పోతే, లైసెన్సు అడిగి, రాయల్టీ కట్టి అనువదించుకునే దారి మాత్రం ఉంచింది. ఆ దారిన నడిచిన తెలుగు ప్రచురణకర్త నాకు తారసపడలేదు.

అదే చక్రపాణిగారు తర్వాత నాగిరెడ్డిగారితో కలిసి సినిమాలు తీశారు. 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’ తీసుకుందాం. పాటలు పింగళి నాగేంద్రరావుగారివి, సంగీతం ఘంటసాలగారిది. అందులోని ఏ పాటైనా సరే, మన చెవికి ఒక్కటే. చట్టం కంటికి అందులో కనీసం మూడు రచనలు ఉన్నాయి, మూడింటికీ మూడు గడువులు. సినిమాకూ, ఆ ఏడాది వెలువడిన రికార్డుకూ విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు నుంచి అరవై ఏళ్లు. అంటే 2022 డిసెంబరు 31తో ఆ గడువు తీరింది. సాహిత్యానికి కవి మరణం నుంచి లెక్క. పింగళిగారు పోయింది 1971లో, కాబట్టి 2031 చివరిదాకా. బాణీకి సంగీతకర్త మరణం నుంచి. ఘంటసాలగారు పోయింది 1974లో, కాబట్టి 2034 చివరిదాకా. మరి పాడిన గొంతులకు? 1962లో గాయకుడికి చట్టంలో చోటే లేదు. కళాకారుల హక్కులన్న మాట 1994 సవరణతో వచ్చి 1995 మే నెలలో అమల్లోకి వచ్చింది. ఘంటసాలగారికి బాణీ కట్టినందుకు చట్టంలో పేరుంది, పాడినందుకు లేదు. ‘పాత సినిమానే కదా, పాటలు పెట్టుకోవచ్చా?’ అని అడిగేవాళ్లకు నేను ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

సాహిత్యం గడువు కవి ఆయుష్షును బట్టి నడుస్తుంది గానీ, ఆ హక్కు కవి చేతిలో ఉందా అన్నది వేరే సంగతి. ఇక్కడే మన సినిమా కవుల బాధ మొదలైంది. 1977లో ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీకీ, తూర్పు ప్రాంత సినిమా నిర్మాతల సంఘానికీ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు నిర్మాత పక్షాన నిలిచింది. డబ్బిచ్చి రాయించుకున్న పాట, కట్టించుకున్న బాణీ, వేరే ఒప్పందం లేకపోతే నిర్మాతవే అవుతాయన్నది దాని సారం. జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పుతో ఏకీభవిస్తూనే, స్వరకర్తకే తప్ప పాడిన గొంతుకు చట్టంలో హక్కు లేకపోవడం సరికాదనీ, ఇద్దరికీ గుర్తింపు ఉండాలనీ విడిగా రాశారు. పాట రాసినవాళ్ల, బాణీ కట్టినవాళ్ల గోడు పార్లమెంటు చూడడానికి మాత్రం ముప్పై ఐదేళ్లు పట్టింది.

ఆ ముప్పై ఐదేళ్లలో పాట ఎన్ని ఇళ్లు మారిందో ఆలోచించండి. గ్రామఫోను నుంచి క్యాసెట్టుకు, క్యాసెట్టు నుంచి సీడీకి, ఎఫ్.ఎం.కు, ఫోను మోగే రింగుటోనుకు, ఇవాళ యాప్‌లకు. ప్రతి మలుపులోనూ ఎవరో ఒకరు డబ్బు చేసుకున్నారు. పాట రాసినాయన మాత్రం రికార్డింగు నాడు అందుకున్న చెక్కు దగ్గరే ఆగిపోయారు. మద్రాసులో, తర్వాత హైదరాబాదులో, పాట ఊరంతా మోగుతుండగా ఇంటి అద్దెకు తడుముకున్న కవుల్ని ఎరిగినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు.

2012 సవరణ కోసం జావేద్ అఖ్తర్ రాజ్యసభ సభ్యుడిగా గట్టిగా పోరాడారు. ఆ ఏడాది జూన్ 21 నుంచి అది అమల్లో ఉంది. సినిమాలోనో రికార్డులోనో చేరిన సాహిత్యానికి, సంగీతానికి వచ్చే రాయల్టీలో సగం వాటా రచయితది, స్వరకర్తది. ఆ వాటాను వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి వీల్లేదు. రాసిచ్చినా చెల్లదు. థియేటర్లో సినిమాతో పాటు వినిపించినప్పుడు మాత్రం ఈ వాటా రాదు. 2023లో బొంబాయి హైకోర్టు రేడియో వాళ్లు కూడా సాహిత్యానికి, సంగీతానికి విడిగా రాయల్టీ కట్టాలని చెప్పింది. చట్టం తన చేతనైన మేలు చేసింది. సొసైటీలో సభ్యుడిగా చేరి, తన పాటల జాబితా ఇచ్చుకోవలసిన పని కవిది. పాటలు రాయడం మొదలుపెట్టిన కుర్రవాళ్లు నన్ను కలిస్తే నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే, ‘సభ్యత్వం తీసుకున్నావా?’ అని. చాలామంది తీసుకోలేదు.

ఒక కాగితాన్ని దగ్గరగా చూద్దాం. ఈమధ్య ఒక యువ రచయిత్రి తన నవల కోసం వచ్చిన అగ్రిమెంటు పట్టుకొచ్చింది. ఇంగ్లీషులో ఉంది, సన్నటి అక్షరాలు. రెండో పేజీ మధ్యలో అసలు పేరా. ఆడియో, వెబ్ సిరీస్, సినిమా, ఆటలు, అన్ని భాషల అనువాదాలు, ఇప్పుడున్న మాధ్యమాలు, ఇకముందు కనిపెట్టబోయే మాధ్యమాలు, శాశ్వతంగా, విశ్వమంతటా. విశ్వమంతటా అన్నది నా మాట కాదు, నిజంగానే అలా ఉంటుంది. దాని కింద ఒకే ఒక అంకె, మొత్తం సొమ్ము. రాయల్టీ ఊసు లేదు. ఇంకా కిందికి వెళితే, రచనను యంత్రాలకు శిక్షణ ఇవ్వడానికి వాడుకోవచ్చన్న వాక్యం. చివర సంతకానికి చుక్కల గీత. ‘సార్, ఫార్మాట్ ఇంతేనన్నారు, మార్చడం కుదరదన్నారు’ అంది ఆ అమ్మాయి.

ఎకరం పొలం అమ్మేటప్పుడు మన తాతలు సర్వే నంబరు, నాలుగు హద్దులు, గట్టు మీది చింతచెట్టుతో సహా రాయించేవారు. నవల అమ్మేటప్పుడు ఆ మాత్రం జాగ్రత్త ఎందుకుండదో నాకు అర్థం కాదు. చట్టం అడిగేది అచ్చం ఆ జాగ్రత్తే. పందొమ్మిదో సెక్షన్ చదవండి. హక్కు బదిలీ కాగితం మీద ఉండాలి, ఇచ్చేవాళ్ల సంతకం ఉండాలి. ఏ రచన, ఏ ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం, ఎంత ప్రతిఫలం, అన్నీ రాయాలి. కాలం రాయకపోతే ఐదేళ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే, వేరేలా రాసుకుంటే తప్ప, అది రచయితకు తిరిగొచ్చేస్తుంది. ఈ మూడు రక్షణలూ 1995 నుంచి ఉన్నాయి. 2012లో ఇంకొకటి చేరింది. ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమానికి ఆ ఒప్పందం వర్తించదు, దాన్ని పేరుపెట్టి ప్రస్తావిస్తే తప్ప. అందుకే కంపెనీల వకీళ్లు ఇప్పుడు అంత పెద్ద జాబితాలు రాస్తున్నారు. చట్టం మౌనంగా రచయిత పక్షాన ఉంటుంది. ఆ రక్షణలన్నిటినీ తీసేయడానికే రెండో పేజీలో ఆ పేరా పుట్టింది.

ఆ అమ్మాయి కాగితం మీద మేమిద్దరం పెన్సిలుతో కూర్చున్నాం. శాశ్వతంగా అన్నచోట ఏడేళ్లు. అన్ని భాషలు అన్నచోట తెలుగు, హిందీ. సినిమా హక్కు వేరుచేశాం, అది కావాలంటే మళ్లీ మాట్లాడుకోవాలి. రెండేళ్లలో పని మొదలుపెట్టకపోతే హక్కు వెనక్కి. యంత్రాల వాక్యం పూర్తిగా కొట్టేశాం. ఆడియో అమ్మకాల మీద శాతం అడిగాం. ‘ఫార్మాట్ ఇంతే’ అన్నవాళ్లు సగం మార్పులకు ఒప్పుకున్నారు. కాదని ఉంటే ఏం చేసేవాళ్లమంటే, అప్పుడా నిర్ణయం ఆమెది. డబ్బు అవసరం ఉన్న రచయితను సంతకం పెట్టొద్దని నేను ఎప్పుడూ చెప్పను. ఏమి ఇచ్చేస్తున్నారో తెలిసి ఇవ్వమంటాను.

పత్రికల గురించి రెండు మాటలు. కథల పోటీ ప్రకటనల చివర ‘బహుమతి పొందిన రచనల సర్వహక్కులు పత్రికవే’ అని వేస్తుంటారు. మీరు సంతకం పెట్టిన కాగితం లేకుండా ఆ ఒక్క ప్రకటనతో హక్కు మారదు. పత్రికలో నెలజీతానికి పనిచేసే రచయితకైతే చట్టంలో ఒక ప్రత్యేక ఏర్పాటు ఉంది. ఉద్యోగంలో భాగంగా రాసినదాన్ని పత్రికల్లో వేసుకునే హక్కు యజమానిది. పుస్తకంగా తేవడం, సినిమా తీయడం వంటి మిగతా హక్కులన్నీ, వేరే ఒప్పందం లేకపోతే, రాసినవాళ్లవే. మన జర్నలిస్టు మిత్రుల్లో ఎంతమందికి ఇది తెలుసు? నియామక పత్రంలో ఆ వేరే ఒప్పందం ఉందో లేదో ఇంటికి వెళ్లి చూసుకోండి.

అమ్మేశాక కూడా పోని హక్కు ఒకటుంది. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకు ఒక పెద్ద కంచు కుడ్యశిల్పం చేశారు. ప్రభుత్వం చేయించుకుంది, డబ్బు ఇచ్చింది. 1979లో భవనం మరమ్మతుల పేరిట దాన్ని ఊడదీసి గోదాములో పడేశారు. ముక్కలు దెబ్బతిన్నాయి, కొన్ని కనపడకుండా పోయాయి. ఆయన కోర్టుకెళ్లారు. ‘కొన్నది మేము, మా వస్తువు మా ఇష్టం’ అన్నది ప్రభుత్వ వాదన. 2005లో ఢిల్లీ హైకోర్టు శిల్పి పక్షాన తీర్పిచ్చింది. మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగి ఇవ్వమంది, ఐదు లక్షల రూపాయల పరిహారం కట్టమంది. యాభై ఏడో సెక్షన్ బలం అది. రచన నాది అని చెప్పుకునే హక్కు, నా పరువు పోయేలా దాన్ని వికృతం చేస్తే ఆపే హక్కు. అన్నీ అమ్ముకున్నా ఈ రెండూ రచయిత దగ్గరే ఉంటాయి, ఆయన తర్వాత వారసులు వీటి కోసం నిలబడవచ్చు. పుస్తకం మీద పేరు తప్పు వేసినా, సంపాదకుడు అడక్కుండా ముగింపు మార్చినా మనవాళ్లు ‘పోనీలే’ అని ఊరుకుంటారు. ఊరుకోనక్కర్లేదు.

ఈ చట్టానికి అందనిది కూడా ఒకటుంది, జానపదుల పాట. పొలంలో, పెళ్లిలో, బతుకమ్మ దగ్గర తరాలుగా పాడుతూ వచ్చిన పాటకు రచయిత ఎవరు? ఎవరూ కాదు, అందరూ. ఆ పాట ఒక సినిమాలోకి వెళ్లినప్పుడు, దానికి మెరుగులు దిద్దిన కవికి, బాణీ సర్దిన స్వరకర్తకు, రికార్డు చేసిన కంపెనీకి హక్కులు పుడతాయి. ఊరిలో విని, నేర్చుకుని, వేదిక మీదికి తెచ్చిన గాయనికి ఏ కాగితం ఉండదు. తెలంగాణలో ఇలాంటి తగవు కొన్నేళ్ల కింద చూశాం, పెద్దమనుషుల మాటతో సద్దుమణిగింది. పాట ఎక్కడిది, ఎవరి నోట విన్నాం అన్నది టైటిల్స్‌లో వేయడానికి, ఆమెకు కొంత ముట్టజెప్పడానికి ఏ సెక్షనూ అడ్డురాదు.

ఇక రచయిత పోయాక ఏమవుతుందన్నది. 1957 చట్టంలో గడువు మరణానంతరం యాభై ఏళ్లు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1941లో పోయారు కాబట్టి 1991 చివరికి ఆయన రచనలు విశ్వభారతి చేతిలోంచి జారిపోవాలి. ఆ గడువు ముంచుకొచ్చిన డిసెంబరులోనే ఆర్డినెన్సు తెచ్చి, తర్వాత చట్టం చేసి అరవై ఏళ్లకు పెంచారు. అలా పెంచింది ఒక్క ఠాగూర్ కోసమే అయినా, వర్తించింది అందరికీ. గిడుగు, పానుగంటి 1940లో పోయారు, వాళ్ల రచనలు అప్పటికే అందరివీ అయిపోయాయి. చిలకమర్తి 1946లో పోయారు. 1997 జనవరి 1న అందరికీ రావలసిన ఆయన పుస్తకాలు 2007 దాకా ఆగాయి. ఆ పదేళ్లలో వారసులకు ఏం మిగిలిందో నాకు తెలియదు గానీ, ఠాగూర్ కోసం తీసుకున్న నిర్ణయం రాజమండ్రి దాకా వచ్చిందన్నది మనం గుర్తుంచుకోవాలి.

జంటకవుల లెక్క మరీ విచిత్రంగా ఉంటుంది. ఇద్దరు కలిసి రాస్తే ఆఖరున పోయినవారి నుంచి గడువు. దివాకర్ల తిరుపతిశాస్త్రి చాలా ముందే పోయారు, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1950లో పోయారు. అందువల్ల ఇద్దరి పేరా వచ్చిన పాండవోద్యోగ విజయాల మీద హక్కు 2010 చివరిదాకా నడిచింది. అన్ని దశాబ్దాలూ ఆ పద్యాలు పాడని నాటకసమాజం లేదు, పల్లె లేదు. ఎవరూ ఎవర్నీ అనుమతి అడిగినట్టు నేను వినలేదు.

సురవరం ప్రతాపరెడ్డిగారి పుస్తకాలు 2014 నుంచి, ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ 2019 నుంచి ఎవరైనా వేసుకోవచ్చు. జాషువా 2031 చివరిదాకా, చలం 2039 దాకా, కొడవటిగంటి కుటుంబరావు, కృష్ణశాస్త్రి 2040 దాకా, శ్రీశ్రీ 2043 దాకా హక్కులో ఉంటారు. వీళ్లు పెద్దవాళ్లు, వీళ్ల పుస్తకాలు ఎలాగో దొరుకుతాయి. నా దిగులు రెండో వరుస, మూడో వరుస రచయితల గురించి. యాభైల్లో, అరవైల్లో వారపత్రికల్లో మంచి కథలు రాసి, ఒకటో రెండో సంపుటాలు వేసి వెళ్లిపోయినవాళ్లు. వాళ్ల పుస్తకం మళ్లీ వేద్దామని ఒక చిన్న ప్రచురణకర్త ముందుకొస్తాడు. కొడుకులు ముగ్గురు, కూతుళ్లు ఇద్దరు. వీలునామా లేదు. హక్కు అందరికీ వాటాలుగా దిగింది. ఒకరు విశాఖలో, ఒకరు డాలస్‌లో, ఒకరి జాడ తెలియదు. అందరి సంతకం లేకుండా వేయడానికి ప్రచురణకర్తకు భయం. పుస్తకం ఆగిపోతుంది. ఎవరికీ రూపాయి రాదు, పాఠకుడికి పుస్తకం రాదు. రక్షణ కోసం పుట్టిన హక్కు ఆ పుస్తకాన్ని పూడ్చిపెట్టే పని చేస్తోంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిపెట్టిన తెలుగు పుస్తకాల మీద మన పరిశోధకులు ఇంతగా ఆధారపడుతున్నారంటే, అంగడిలో ఆ పుస్తకాలు లేకపోవడమే కారణం.

దీనికి చట్టంలో దారి లేకపోలేదు. ముప్పై ఒకటి-ఎ సెక్షన్ ప్రకారం హక్కుదారు దొరకని రచనను ప్రచురించడానికి లైసెన్సు అడగవచ్చు. దేశంలో ఎక్కువ ప్రాంతాల్లో చదివే ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటన వేయాలి, దరఖాస్తు పెట్టాలి, నిర్ణయించిన రాయల్టీ జమచేయాలి. ఒకప్పుడు కాపీరైట్ బోర్డు చూసిన ఈ పని 2021 నుంచి కోర్టుల చేతికి వెళ్లింది. ఐదువందల కాపీలు వేసే తెలుగు ప్రచురణకర్తకు ప్రకటన ఖర్చే పుస్తకం ఖర్చు కంటే ఎక్కువవుతుంది. కాబట్టి ఆ దారి మనకు కాగితం మీదే ఉంది.

పక్కవాళ్లు ఇంకో దారి చూపించారు. సుబ్రహ్మణ్య భారతి 1921లో పేదరికంలో పోయారు. ఆయన పాటల రికార్డు, సినిమా హక్కులు చేతులు మారి చివరికి ఏవీఎం మెయ్యప్ప చెట్టియార్ దగ్గరికి చేరాయి. దేశమంతా పాడవలసిన కవి పాట పాడాలంటే ఒక స్టూడియోను అడగాలా అని తమిళులు ఆందోళన చేశారు. 1949లో మద్రాసు ప్రభుత్వం ఆ హక్కులు తీసుకుంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా అప్పుడు ఆ ప్రభుత్వం కిందివే. తర్వాత వాటిని ప్రజలందరి సొత్తుగా ప్రకటించారు. తమిళనాడులో ఆ ఆనవాయితీ నేటికీ నడుస్తోంది. వందమందికి పైగా రచయితల కుటుంబాలకు సొమ్ము ఇచ్చి, వాళ్ల రచనల్ని జాతికి ఇచ్చారు. మన రెండు రాష్ట్రాల్లో అలాంటి ఆనవాయితీ లేదు. విగ్రహాలకు ఖర్చుపెట్టే దానిలో కొంత ఇటు మళ్లిస్తే కుటుంబానికి గౌరవంగా కొంత డబ్బు, పాఠకుడికి చవకగా పుస్తకం, రెండూ వస్తాయి. ప్రభుత్వాలను అడుగుతూనే ఉందాం.

ప్రభుత్వం కోసం ఆగకుండా మనం చేయగలిగింది కూడా ఉంది. రచయితలు వీలునామాలో ఇల్లూ బంగారంతో పాటు పుస్తకాల గురించి ఒక పేరా రాయాలి. అనుమతి ఇవ్వడానికి ఒక్కరిని నియమించండి, డబ్బు అందరికీ పంచమని రాయండి. సంతకం ఒకరిది, వాటా అందరిది. అచ్చుకాని రాతప్రతిని ఎవరికైనా వీలునామాలో ఇస్తే, వేరే మాట లేకపోతే, కాపీరైట్ కూడా దాని వెంటే వెళుతుందన్నది గుర్తుంచుకోండి. హక్కు మీ తర్వాత ఎవరికీ భారం కాకూడదనుకుంటే, ఇరవై ఒకటో సెక్షన్ కింద రిజిస్ట్రార్‌కు నోటీసు ఇచ్చో బహిరంగ ప్రకటన చేసో వదులుకోవచ్చు.

వారసులకు నా విన్నపం వేరు. నాన్నగారి పుస్తకం అడుగుతూ ఎవరైనా ఉత్తరం రాస్తే, డబ్బు చిన్నదైనా, జవాబు రాయండి. కాదని చెప్పడం మీ హక్కు. జవాబే రాకపోతే మాత్రం ఆ పుస్తకం అక్కడితో ఆగిపోతుంది.

సాహిత్య సంస్థలకు ఒక పని అప్పగిస్తాను. తెలుగు రచయితల వారసుల పట్టిక ఒకటి తయారుచేయండి. రచయిత పేరు, మరణించిన సంవత్సరం, హక్కు ఏ ఏడాది చివరిదాకా ఉందో, అనుమతి ఎవరిని అడగాలో. వాళ్లు ఒప్పుకుంటేనే వివరాలు చేర్చాలి, ఫోను నంబర్లు బయటపెట్టకుండా ఉత్తరాలు చేరవేసే బాధ్యత సంస్థ తీసుకోవాలి. అమెరికాలో మన సంఘాలు పెద్ద సభలు జరుపుతుంటాయి. అక్కడ ఒక బల్ల వేసి ‘మీ ఇంట్లో రచయితలున్నారా?’ అని అడిగితే చాలా జాడలు దొరుకుతాయి. అందరినీ ఒకేసారి పట్టుకోవాలంటే పని సాగదు. 1980 తర్వాత పోయినవాళ్లతో మొదలుపెట్టండి. వాళ్ల పిల్లల్లో చాలామంది ఇంకా ఉన్నారు, ఫోను చేస్తే ఎత్తుతారు.